మంచు మాది, విందు మీది

ఆల్‌బోర్జ్ కొండల్లోని మా సంగ్‌దరె ఊళ్లో మంచు సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ మాట ఇంకెవరైనా అంటే బాగుండేది. ఎవరూ అనరు కాబట్టి నేనే అనుకోవాల్సి వస్తోంది. రోడ్ల శాఖ వాళ్లు పాతికేళ్ల కిందట నాకొక థర్మామీటరు, ఒక పార, ఒక వైర్‌లెస్ సెట్టు ఇచ్చారు. కొండ మీద అంకెలు రాసిన కర్ర ఒకటి పాతారు. రోజూ తెల్లారగానే ఆ కర్ర దగ్గరికి ఎక్కి, మంచు ఎంత పడిందో చూసి, గొయ్యి తవ్వి, లోపలి పొరలు ఎలా ఉన్నాయో కింద ఆఫీసుకి చెప్పడం నా పని.

ఊళ్లో మాత్రం నన్ను ఈ పనితో ఎవరూ గుర్తుపట్టరు. తొలిమంచు పందెంలో పదకొండేళ్లుగా ఓడని సైఫుల్లా అంటేనే గుర్తుపడతారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ పేరే ఇష్టం.

ఆ పందెం మా పెద్దల నాటిది. ఊరందరూ స్నానాలు చేసే హమామ్ గుమ్మటం మీద ఆ ఏడాది మొదటిసారి మంచు నిలిచాక, వాన తెరిపి ఇచ్చినట్టు మంచు తెరిపి ఇచ్చిన రోజున ఎవరైనా ఎవరికైనా ఒక చీటీ పంపొచ్చు. అందులో ‘మంచు మాది, విందు మీది’ అని ఉంటుంది. అవతలివాడు అది చేత్తో అందుకున్నాడా, అయిపోయాడు, పంపినవాడి బంధుబలగం మొత్తానికి విందు పెట్టాలి. అందుకోకుండా చీటీ తెచ్చినవాణ్ణే పట్టుకుని మొహానికి మసి పూశాడా, విందు పంపినవాడి మీద పడుతుంది. ఇంకొక నియమం కూడా ఉంది. నిజంగా పనిమీద వచ్చినవాడికి పొరపాటున మసి పూస్తే, పూసినవాడు ఒకటి కాదు, రెండు విందులు పెట్టాలి.

అందుకని ఆ రోజు పొద్దు గుంకేదాకా మా ఊళ్లో ఎవరూ ఎవరి చేతినుంచీ ఏదీ తీసుకోరు. చీటీలు రొట్టెల మడతల్లో వస్తాయి, మేజోళ్లలో వస్తాయి. ఒకసారి ఉడికించిన గుడ్డులోంచి కూడా వచ్చింది. కట్టుకున్న పెళ్లాం టీ ఇచ్చినా కింద పెట్టమని చెప్పి, ఆమె అవతలికి పోయాక తాగుతాం.

పోయినేడు నేను ఎవరికీ తట్టని ఎత్తు వేశాను. నా బామ్మర్ది ఇస్కందర్ ఇల్లు ఊరికి ఆ చివర, తోడేలు వాలు అనే నున్నటి కొండవాలు కింద ఉంది. వాడికి ఆఫీసు కాగితం మీద, ఆఫీసు ముద్రతో, ‘వాలు మీది మంచు జారేలా ఉంది, ఇల్లు ఖాళీ చేసి సంతకం పెట్టు’ అని రాసి తీసుకెళ్లాను. వాడు మొహం పాలిపోయి రెండు చేతులా అందుకున్నాడు. మడత విప్పితే లోపల రెండో చీటీ ఉంది. ముప్పై ఏడుగురికి మాంసం, శనగలు ఉడికించి ఆబ్‌గూష్త్ పెట్టాడు పాపం. ఆ సాయంత్రం వాడి పొట్టేలు తోక కొవ్వు నాలుకమీద కరుగుతుంటే నాకంటే తెలివైనవాడు ఆల్‌బోర్జ్ కొండల్లోనే లేడనిపించింది.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఊరికే అనలేదు.

ఈ ఏడు మంచు తీరే వంకరగా ఉంది. శరదృతువు చివర్లో పై కొండల మీద జానెడు పడి, ఊళ్లోకి దిగకుండా ఆగిపోయింది. ఆ తర్వాత నలభై రోజులు ఆకాశం గాజులా ఉంది. ఎండకు పస లేదు, చలి మాత్రం ఎముకలు కొరికింది. పైన పడ్డ ఆ కాస్త మంచూ చలికి ఎండి ఎండి పంచదార అయిపోయింది. గుప్పిట్లో పట్టి పిండితే ముద్ద కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద గట్టి మంచు పడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆవాల మీద చెక్కపలక పెట్టి, పలక మీద మనిషిని నిలబెట్టినట్టే.

అదే జరిగింది. ఒక పగలూ ఒక రాత్రీ ఎడతెరిపి లేకుండా కురిసింది. గాలి పడమటి నుంచి తోసి, ఆ వైపున్న మంచునంతా తెచ్చి తోడేలు వాలు మీద పోసింది. తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. హమామ్ గుమ్మటం తెల్లగా మెరుస్తోంది. అంటే ఈ రోజే తొలిమంచు రోజు.

నేను కర్ర దగ్గరికి ఎక్కాను. ఎనభై నాలుగు సెంటీమీటర్లు. గొయ్యి తవ్వి, పారతో ఒక దిమ్మ కోశాను. పార వెనక్కి తీసేలోగానే ఆ దిమ్మ పంచదార మీంచి జారి నా కాళ్ల మీద పడింది. ఇంకో అడుగు వేస్తే నా కింద కొండ ‘గుబుక్’ మంది. పాతికేళ్లలో ఆ చప్పుడు నేను రెండే సార్లు విన్నాను. రెండు సార్లూ ఆ రోజే మంచు జారింది.

గబగబా దిగి వైర్‌లెస్ పట్టుకున్నాను.

“రోడ్డు మూసేశాం సైఫుల్లా, మేం పైకి రాలేం,” అన్నాడు ఇంజినీరు. “వాలు కింద ఇళ్లెన్ని?”

“ఒకటే సార్. మా బామ్మర్దిది. వాడు, వాళ్లమ్మ, పెళ్లాం మునవ్వర్, ఇద్దరు ఆడపిల్లలు. కొట్టంలో గొర్రెలు.”

“మధ్యాహ్నం ఎండ తగిలిందంటే ఆగదు. వెంటనే ఖాళీ చేయించు. నోటితో చెబితే చాలదు, ముద్ర ఉన్న కాగితం చేతికిచ్చి సంతకం తీసుకో.”

“సార్, ఇవ్వాళ తొలిమంచు రోజు సార్.”

“అయితే?”

ఆయన పట్నం మనిషి. ఆయనకేం చెప్పను?

కాగితం పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఊరు ఊరంతా నన్ను చూసి తలుపులు వేసుకుంది. సాయం రమ్మని ఊరి పెద్దమనిషిని పిలిస్తే, ఆయన చేతులు రెండూ కోటు జేబుల్లో దాచుకుని కిటికీలోంచి, “కాగితంతో వచ్చావుగా, ఈ ఏడు నా వంతా? పోవోయ్!” అన్నాడు. రొట్టెలు కాల్చే ఫాతిమె నన్ను చూసి పొయ్యి దగ్గరి కొంకికర్ర ఎత్తింది.

ఇస్కందర్ తన ఇంటి కప్పు మీద నిలబడి పారతో మంచు తోస్తున్నాడు. నన్ను చూడగానే వాడి మొహం వెలిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గొంతెత్తితే కొండ మీది మంచు జారుతుందని మా ఊళ్లో తాతల నాటి నమ్మకం. అది ఉత్తమాటని పాతికేళ్లుగా నేనే అందరికీ చెబుతున్నాను. చెప్పేటప్పుడు గొంతు తగ్గించే చెబుతాను. ఎందుకైనా మంచిది. అందుకని మా ఇద్దరి గొడవా మొత్తం గుసగుసల్లోనే జరిగింది.

“ఒరేయ్ ఇస్కందర్,” అన్నాను గుసగుసగా, “వాలు కదులుతోందిరా. పిల్లల్ని తీసుకుని బయటికి రా.”

“ఏంటి బావా,” అన్నాడు వాడూ గుసగుసగా, “పోయినేడు వేసిన ఎత్తే మళ్లీనా? ముసలోడివైపోయావు. బుర్రలో సరుకు అయిపోయిందా?”

“ఇది నిజంరా! ఇదిగో ముద్ర.”

“పోయినేడు కూడా ముద్రే.”

“ఇంజినీరు పంపాడురా!”

“పోయినేడు కూడా ఆయనే పంపాడు.”

“ఖురాన్ మీద ఒట్టురా!”

వాడు ఒక్క క్షణం ఆగాడు. “పోయినేడు ఒట్టు పెట్టలేదు కదూ? ఓహో, ఈసారి ఒకడుగు ముందుకేశావన్నమాట.”

నాకు ఒళ్లు మండిపోయింది. గుసగుసగా అరవడం ఎంత కష్టమో మీకు తెలియదు, గొంతు చిరిగిపోతుంది. నిచ్చెన ఎక్కి కాగితం వాడి జేబులో కుక్కబోయాను. వాడు పారెడు మంచు నా నెత్తిన గుమ్మరించాడు. నేను కిందపడ్డాను. లేచేలోగా వాడు దూకి నా గుండెల మీద కూర్చుని, “అమ్మా! మసి తే! గొంతెత్తకుండా రా!” అన్నాడు.

మా అత్త ఖాన్‌బీబీ తనే వచ్చింది, రొట్టెల పొయ్యిలోంచి చేరెడు మసి పట్టుకుని. “కళ్లు మూసుకో అల్లుడూ, మండుతుంది,” అని ఎంతో ప్రేమగా, చెవుల వెనక కూడా వదలకుండా పూసింది.

“ఇది పందెం కాదు!” అన్నాను నోట్లో మసి ఉమ్ముతూ. “నేను పనిమీద వచ్చాను! నువ్వు రెండు విందులు పెట్టాలి, తెలుసా?”

“పెడతాలే బావా. మంచు జారిన రోజున,” అన్నాడు వాడు. మా అత్త నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికి వెళ్లేసరికి నా భార్య తూబా పెద్ద కుండలో మాంసం, శనగలు ఉడికిస్తోంది. నన్ను చూసి గరిటె పట్టుకునే పగలబడి నవ్వింది.

“నవ్వు ఆపు. ఈ కుండేంటి, ఇంత పెద్దది?”

“తొలిమంచు కదా. నువ్వు గెలిస్తే మా అన్న ఇంట్లో వంటకి నన్నే పిలుస్తారు. ఓడితే ఇక్కడ వండాలి. ఎవరు గెలిచినా వండేది నేనేగా, తెల్లారే ఎక్కించేశా.”

నేను విషయం చెప్పాను. పంచదార మంచు గురించి, ‘గుబుక్’ చప్పుడు గురించి. ఆమె మొహంలో నవ్వు పోయింది. ఈ ఇంట్లో నా మంచు మాటలు పూర్తిగా వినేది ఆమె ఒక్కతే, అలవాటు కొద్దీ.

“మా అమ్మ ఉంది అక్కడ,” అంది. “పిల్లలున్నారు.”

“నేనేం చెయ్యను? నిజం చెబితే నమ్మడే!”

“నిజం చెబితే నమ్మడు కదా, అబద్ధం చెప్పు. అవును, పందెమే, దొరికిపోయాను, ఓడిపోయాను అను. విందుకి రమ్మను. మా అన్న దేనికి కదలకపోయినా నీ ఓటమి చూడ్డానికి మంచంలోంచైనా లేచొస్తాడు.”

ఎంత తేలికగా అనేసింది! నేను ఓడలేదు. కాగితం నిజం, ముద్ర నిజం. లెక్క ప్రకారం వాడే నాకు రెండు విందులు బాకీ. పదకొండేళ్ల పేరు, చెయ్యని తప్పు ఒప్పుకుని పోగొట్టుకోవాలా? సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను కాసేపు ఆలోచించాను. రెండు గుక్కల టీ తాగేంత సేపు ఆలోచించాను. తూబా నా వైపు చూసిన చూపు నా మసిని కూడా కాల్చేలా ఉంది. లేచి బయల్దేరాను.

ఎండ అప్పటికే వాలు పైఅంచుని తాకింది.

“ఇస్కందర్,” అన్నాను వాడి గుమ్మం ముందు, తల వంచుకుని. “పందెమేరా. దొరికిపోయాను. విందు నాది.”

అంత ఆనందం వాడి పెళ్లినాడు కూడా వాడి మొహంలో చూడలేదు. “మళ్లీ చెప్పు.”

“ఓడిపోయాను.”

“మునవ్వర్! పిల్లల్ని తీసుకురా, మామయ్య ఓడిపోయాడంట, వింటారు! మళ్లీ చెప్పు బావా.”

మూడోసారి చెప్పాను. నోరు చేదుగా అయిపోయింది.

“సరే,” అన్నాడు, “వచ్చే శుక్రవారం పెట్టుకుందాం. పొట్టేలు కొయ్యాలి మరి.”

శుక్రవారం దాకా వాలు ఆగదు. కానీ వాడు నా బామ్మర్ది, వాడి స్వభావం నాకు తెలుసు. మొహం ఇంకా దిగులుగా పెట్టాను. “శుక్రవారమే మంచిది. ఇవ్వాళ మాత్రం అడక్కు. తూబా తోక కొవ్వేసి పెద్ద కుండ వండింది, మా వాళ్లెవరో వస్తారని దాచుకుంది.”

“తోక కొవ్వా? అయితే ఇవ్వాళే! ఇప్పుడే!”

“అదెలా కుదురుతుందిరా,” అని గింజుకున్నాను. “పోనీ నువ్వొక్కడివే రా.”

“నేనొక్కణ్ణా? మొత్తం ఇల్లు వస్తుంది!”

“అత్తయ్య ఎందుకురా, పాపం మోకాళ్ల నొప్పులు...”

“అమ్మని నువ్వు వీపు మీద మోసుకెళ్తావు. ఓడినవాడివి!”

నా కడుపులో పాలు పోసినట్టయింది, పైకి మాత్రం మూలిగాను. “చంపేస్తున్నావురా. ఇంకా నయం, గొర్రెలకి కూడా విందు పెట్టమన్లేదు.”

వాడు ఆగి, మెల్లగా నవ్వాడు. “గొర్రెలకి కూడా. బార్లీ పెట్టాలి.”

“పద్నాలుగు గొర్రెలురా! నా కొట్టంలో పట్టవు!”

“పట్టిస్తావు.”

అలా మా అత్త నా వీపెక్కింది. మసి మొహంతో నేను ముందు, మునవ్వర్, ఆడపిల్లలు వెనక, వాళ్ల వెనక పద్నాలుగు గొర్రెలు, చివర్న పెళ్లికొడుకులా ఇస్కందర్. తలుపులు వేసుకున్న ఊరంతా కిటికీల్లోంచి చూసింది. నేను అడుగులు వేగంగా వేస్తుంటే వాడు, “చూశారా, సిగ్గుతో ఎలా పరిగెడుతున్నాడో!” అన్నాడు.

సగం దూరం వచ్చాక మా అత్త నా చెవిలో గుసగుసగా అరిచింది. “పళ్లు!”

“ఏం పళ్లు?”

“నా పళ్లురా! గూట్లో గిన్నెలో ఉన్నాయి. మాంసం ఎలా నమలను? ఒరేయ్ ఇస్కందర్, వెనక్కెళ్లి పట్రా.”

ఇస్కందర్ వెనక్కి తిరిగాడు. వాలు మీద ఎండ సగం దాకా దిగింది.

“వద్దు!” అని నేను నిజంగానే అరిచాను, గొంతెత్తి. వీధంతా ఉలిక్కిపడి కొండ వైపు చూసింది. ఏమీ జారలేదు. పాతికేళ్లుగా చెబుతున్నది నిజమని తేలింది, కానీ అప్పుడు ఆ ముచ్చట తీర్చుకునే తీరిక లేదు. “అత్తయ్యా, ఆబ్‌గూష్త్ ఎలాగూ రోకలితో దంచే తింటాం. నీ ముద్ద నేనే దంచుతాను. పసిపిల్లలు తినేంత మెత్తగా. ఒట్టు.”

“అల్లుడు దంచుతాడంట,” అంది ఆమె గర్వంగా. “రా రా ఇస్కందర్, పళ్లెందుకు.”

మా ఇంట్లో కొర్సీ అనే పొట్టి బల్ల మీద పరిచిన దుప్పటి కింద అందరూ కాళ్లు పెట్టుకుని, బల్ల కింది కుంపటి సెగకి వెచ్చగా కూర్చున్నారు. గొర్రెలు వసారాలో బార్లీ నమిలాయి. నేను మొహం కడుక్కోబోతే ఇస్కందర్ ఒప్పుకోలేదు, విందు అయ్యేదాకా మసి ఉండాలన్నాడు. అత్త కోసం మాంసం దంచుతుంటే వాడు రొట్టె ముక్క చేత్తో పట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. “పదకొండేళ్లు! పదకొండేళ్లు ఈ మనిషి గర్వాన్ని భరించాను. ఇవ్వాళ...”

అప్పుడు కిటికీ అద్దాలు వణికాయి.

ముందు ఒక దెబ్బ లాంటి చప్పుడు, తర్వాత లారీలు వరసగా రాళ్లు గుమ్మరిస్తున్నట్టు ఆగని మోత. తలుపు దానంతట అదే తెరుచుకుని మంచుపొడి లోపలికి కొట్టింది. గొర్రెలు అరిచాయి. పిల్లలు తూబాని కరుచుకుపోయారు. మోత ఆగాక బయటికి వెళ్లి చూశాం. ఊరి ఆ చివర తెల్లటి దుమ్ము మెల్లగా దిగుతోంది. తోడేలు వాలు నడుమ నుంచి కింద వరకూ గడ్డి కనిపిస్తోంది. ఇస్కందర్ ఇల్లు ఉన్నచోట మంచు, రాళ్లు, విరిగిన ఒక దూలం ఉన్నాయి. కప్పు మీద మంచు తోసిన పార ఎక్కడుందో దేవుడికి తెలియాలి.



“నా పళ్లు,” అంది మా అత్త. ఎవరూ నవ్వలేదు.

ఇస్కందర్ నా వైపు తిరిగాడు. చేతిలో రొట్టె ముక్క ఇంకా ఉంది. “బావా,” అన్నాడు గుసగుసగా. “కాగితం నిజమా?”

“నిజమేరా.”

“మరి పందెమని ఎందుకన్నావు?”

“నిజమంటే నువ్వు రాలేదు కదరా.”

వాడు రొట్టె ముక్క జేబులో పెట్టుకున్నాడు. తూబా భుజం మీది తుండుగుడ్డ లాక్కుని, గుమ్మంలో ఉన్న వేణ్నీళ్ల కూజాలో తడిపి, నా మొహం తుడవడం మొదలుపెట్టాడు. నుదురు, బుగ్గలు, చెవుల వెనక. వాళ్లమ్మ ఎంత శ్రద్ధగా పూసిందో అంత శ్రద్ధగా తుడిచాడు. వాడి కళ్లలోంచి కారుతున్నది చూడకూడదని నేను కళ్లు మూసుకున్నాను. నా కళ్లలోది వాడు చూడకుండా కూడాను.

“ఇంకా గుసగుసలెందుకురా?” అన్నాను.

“ఇంకోటి వస్తుందేమో,” అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. “ఇటివ్వు.”

“ఏంటి?”

“కాగితం.”

ఊరంతా అప్పటికి మా వాకిట్లో ఉంది. అందరూ చూస్తుండగా జేబులోంచి నలిగిన ఆ కాగితం తీశాను. వాడు దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, సంతకం పెట్టాడు. “పనిమీద వచ్చినవాడికి మసి పూశాను,” అన్నాడు అందరికీ వినిపించేలా, ఈసారి గొంతెత్తి. “రెండు విందులు నావి. మా బావ ఓడలేదు.”

పన్నెండేళ్లు. ఇల్లు పోయినవాడి నోటినుంచి ఆ మాట వింటూ కూడా లోపల ఎక్కడో నేను లెక్క సరిచేసుకున్నాను. నన్ను దేవుడు క్షమించాలి.

“ఇల్లే లేదు, విందు ఎక్కడ పెడతావు?” అన్నాడు పెద్దమనిషి, చేతులు ఇంకా జేబుల్లోనే ఉంచుకుని.

“ఎవరిదైతే ఏంటి, ఎక్కడైతే ఏంటి,” అంది తూబా లోపలినుంచి, ముక్కు ఎగబీలుస్తూ. “వండేది నేనేగా.”

ఇస్కందర్ లోపలికి వెళ్లి, ఆమె చేతిలోని గరిటె తీసుకున్నాడు. “నువ్వు కూర్చోవే,” అన్నాడు. “ఇవ్వాళ నేను వడ్డిస్తా.”

ఆ గరిటె అందుకునేముందు దాని గుంటలో ఏదైనా చీటీ ఉందేమోనని వాడు చూడలేదు. తొలిమంచు రోజున మా ఊళ్లో ఒక మనిషి ఇంకొకరి చేతినుంచి చూడకుండా ఒక వస్తువు అందుకోవడం అదే మొదలు.